ఆలాపన మధ్యలో బుర్ర ఖాళీ అయితే వీణ మానెయ్యాలా?

ప్రశ్న: మాది చెన్నై, టీనగర్. బీకాం ఆఖరి సంవత్సరం. చిన్నప్పట్నుంచీ వీణ నేర్చుకుంటున్నాను. మొన్న ఒక సంగీత సభలో నాకు మధ్యాహ్నం కచేరీ ఇచ్చారు. కల్యాణి రాగం ఆలాపన (తాళం లేకుండా రాగాన్ని అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం) మధ్యలో ఏమీ తోచక, టెన్షన్‌తో ఎలాగో ముగించాను. నాన్న ఉద్యోగం చూసుకోమంటున్నారు. సంగీతాన్ని వృత్తిగా తీసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ కల్యాణి సంగతి చూద్దామమ్మా. గాత్ర కచేరీలో పక్కన వయొలిన్ ఉంటుంది. పాడేవాళ్లు ఆపగానే అందుకుని వాయిస్తుంది, ఆ కాసేపట్లో తర్వాతి ఆలోచన తడుతుంది. వీణకు సాధారణంగా ఆ తోడు ఉండదు. ఆలాపన అయ్యేదాకా మృదంగం ఆయన కూడా ఊరికే కూర్చోవాల్సిందే. శ్రుతి, నువ్వు, అంతే. అక్కడ తడబడటం మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి వాయించడానికి, దిగిన ప్రతివాళ్లకూ తప్పని అనుభవం.

ఏమీ తోచనప్పుడు గాంధారం (గ) మీదో నిషాదం (ని) మీదో నిలబడు. పక్కనుండే తాళపు తీగలు మీటి, ఆ నాదం తగ్గేదాకా తొందరపడకు. తర్వాత బాగా వచ్చిన కీర్తనలోని ఒక ప్రయోగం, అంటే స్వరాల పోకడ, పట్టుకుని ముందుకు వెళ్లు. ఇంట్లో తప్పు పోయిన ప్రతిసారీ ఆపి మొదటికి వెళ్లే అలవాటుంటే ఇవాళే మానెయ్, వేదిక మీద చేతులు అదే చేస్తాయి. రోజూ కాసేపు ఏం జరిగినా ఆపకుండా ఒకే రాగం వాయించు.

మరొకటి. ఎప్పుడూ సాధన చేయని స్వరాల అల్లిక ఏదైనా ఆరోజు చేతిలోంచి పలికిందా? మృదంగం ఆయన చటుక్కున తలెత్తి చూశారా? ఆ క్షణం కోసం మళ్లీ వేదిక ఎక్కాలనిపిస్తుంటే వీణ వదలొద్దు. అంత సంతోషం ఇంకే పనిలోనూ సులువుగా దొరకదు.

నాన్నగారి భయం న్యాయమైనదే. చెన్నైలో డిసెంబరు సంగీత సీజన్‌లో మధ్యాహ్నపు కచేరీలకు ప్రవేశం చాలాచోట్ల ఉచితం, వాయించినవాళ్లకు దక్కేది కొద్దే. చిట్టిబాబు గారంతటి వైణికులే మద్రాసులో సినిమా పాటలకూ వాయించారు. అందుకే బీకాం పూర్తిచేసి, సాధనకు పొద్దుటి పూట మిగిలేలా ఏదైనా అకౌంట్స్ పని చూసుకో. ఆకాశవాణి ఆడిషన్‌కు సిద్ధపడు, గ్రేడు వస్తే సభలవాళ్ల దగ్గర మాట చెల్లుతుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18–25 ఏళ్ల కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్ కూడా ఉంది: నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు. దాంతో ఇల్లు గడవదు గానీ శిక్షణ ఖర్చుకు ఆసరా. నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండు.

నిలకడగా డబ్బు వచ్చేది మాత్రం పాఠాలతోనే. మీ గురువుగారి అనుమతి అడిగి, ఇద్దరు ముగ్గురు పిల్లలకు తొలి పాఠాలైన సరళీ స్వరాలు చెప్పడం ఈ నెలలోనే మొదలుపెట్టు.