చూపు లేని తమ్ముడు ఎం.ఎస్.కి వస్తున్నాడు: యూనివర్సిటీకి చెప్పాలా, వద్దా?

ప్రశ్న: మా తమ్ముడికి పుట్టుకతోనే చూపు లేదు. కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేశాడు. అమెరికాలో ఎం.ఎస్.కి సీటొచ్చింది, ఆగస్టులో బయల్దేరాలి. చూపు లేకుండానే ఎంఐటీలో చదివిన శ్రీకాంత్ బొల్లా గురించి విన్నప్పటి నుంచీ "ఆయన వెళ్లగా లేనిది నేనెందుకు వెళ్లలేను" అంటున్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం చూపు సంగతి తెలిస్తే సీటు పోతుందేమో, చెప్పొద్దు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చెప్పాలి అమ్మా. సీటు చేతికొచ్చింది కాబట్టి ఈ వారంలోనే చెప్పాలి. చదువుకి అర్హత ఉన్న మనిషిని వైకల్యం పేరుతో కాదనడానికి ప్రభుత్వ నిధులు అందుకునే ఏ యూనివర్సిటీకీ వీల్లేదని 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ చెబుతోంది. 1990లో వచ్చిన వికలాంగుల చట్టం, ఇక్కడ అమెరికాలో అందరూ ఏడీఏ అనేది, ఆ హక్కుని ఇంకా గట్టిపరిచింది. పెద్దవాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. పెళ్లి సంబంధాల దగ్గరా, ఉద్యోగాల దగ్గరా ఇలాంటివి దాచడమే మన ఇళ్లలో అలవాటు. ఇక్కడ దాస్తే సీటు నిలుస్తుంది గానీ, చదవడానికి కావాల్సిన సాయం అంతా పోతుంది.

మీ తమ్ముడు ఎంచుకున్న మనిషి సరైన మనిషి. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పేద రైతు ఇంట్లో, చూపు లేకుండా పుట్టాడు శ్రీకాంత్. పదో తరగతి అయ్యాక సైన్స్ చదువుతానంటే అప్పటి నిబంధనలు ఒప్పుకోలేదు. టీచర్ అండతో కోర్టుకెక్కాడు. ఆరు నెలలు పట్టింది. తీర్పు వచ్చాక సైన్స్ గ్రూపులో చేరి పన్నెండో తరగతిలో 98 శాతం తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగ్ వాళ్లు చేర్చుకోకపోతే అమెరికా యూనివర్సిటీలకి దరఖాస్తు పెట్టుకుని 2009లో ఎంఐటీలో చేరాడు. అక్కడ చేరిన మొదటి విదేశీ అంధ విద్యార్థి ఆయనే. తిరిగి వెళ్లి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు, రతన్ టాటా అందులో పెట్టుబడి పెట్టారు. ఈ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా ఆయన గుండెధైర్యం గురించి చెబుతారు. అది నిజమే. దానికి తోడు ఇంకొకటి చూడండి: చూపు లేదన్న సంగతి దాచుకుని ఉంటే కోర్టులో అడగడానికి ఆయనకి ఏమీ ఉండేది కాదు. కావాల్సింది ఏమిటో తేల్చుకుని, సరైన చోట, కాగితం మీద, వచ్చేదాకా అడిగాడు. మీ తమ్ముడు పట్టుకోవాల్సిన పద్ధతి అదే. ఇక్కడ కోర్టు దాకా వెళ్లే పని సాధారణంగా పడదు, అడగాల్సిన ఆఫీసు ఒకటి క్యాంపస్‌లోనే ఉంటుంది.

దాన్ని డిసబిలిటీ సర్వీసెస్ అనో, యాక్సెసిబిలిటీ ఆఫీసు అనో పిలుస్తారు. అడ్మిషన్ల ఆఫీసుతో దీనికి సంబంధం లేదు. దరఖాస్తులో చూపు సంగతి రాసినా అది ఈ ఆఫీసుకి చేరదు, విడిగా నమోదు చేసుకోవాలి. మెయిల్ మాత్రం మీరు రాయకండి, మీ తమ్ముడే రాయాలి. స్కూల్లో అయితే పిల్లల అవసరాలు కనిపెట్టడం బడి బాధ్యత, యూనివర్సిటీలో అడగాల్సింది విద్యార్థే. కాలేజీలో చేరాక చదువు వివరాల మీద హక్కు కూడా విద్యార్థిదే కాబట్టి, అతని అనుమతి లేకుండా అక్కతో గానీ నాన్నతో గానీ వాళ్లు మాట్లాడరు. ఇంటినుంచి పదిసార్లు ఫోన్ చేసి "ఎవరూ పట్టించుకోవట్లేదు" అని బాధపడే కుటుంబాలు చాలా ఉన్నాయి. కారణం ఇదే.

కాగితాల దగ్గర మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు, సదరం సర్టిఫికెట్ ఒక్కటే స్కాన్ చేసి పంపడం. అందులో ఉండేది వైకల్యం శాతం. ఆ శాతంతో ఇక్కడివాళ్లకి పని లేదు. కంటి డాక్టర్ దగ్గర ఇంగ్లీషులో, లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకోండి. జబ్బు పేరు, ఎప్పటినుంచి, ఇకముందు మారుతుందా మారదా, కొద్దిగా చూపు ఉంటే రెండు కళ్లకీ విడివిడిగా కొలత, చూపు పరిధి ఎన్ని డిగ్రీలు, ఇవన్నీ ఉండాలి. మన దగ్గర 6/60 అని రాసేదాన్ని ఇక్కడ 20/200 అంటారు, రెండూ రాయించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ చూపుతో చదువులో ఏ పని ఎలా చేస్తాడో చెప్పే నాలుగు వాక్యాలు: అచ్చు చదవలేడు, స్క్రీన్ రీడర్‌తో (తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదువుతాడు, బొమ్మలకి మాటల్లో వివరణ కావాలి, పరీక్షలకి అదనపు సమయం కావాలి. బీటెక్‌లో అదనపు సమయం ఇచ్చి ఉంటే ఆ కాలేజీ నుంచి కూడా ఒక లేఖ తెచ్చుకోండి.

పరీక్షకి మామూలు సమయానికి ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో అడగడం ఇక్కడ మామూలే. పుస్తకాలకి మాత్రం ముందుచూపు కావాలి. క్లాసులు మొదలయ్యేలోపు కనీసం ఆరు వారాలు ఉండగా కోర్సుల పేర్లు ఆ ఆఫీసుకి చెప్పాలి. ప్రొఫెసర్లు ఇచ్చే పీడీఎఫ్‌లలో చాలా వరకు స్కాన్ చేసిన పేజీలే. కంటికి అక్షరాల్లా కనిపించినా స్క్రీన్ రీడర్‌కి అదొక ఫొటో, ఒక్క మాట కూడా చదవదు. వాటిని అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్ది ఇవ్వడానికి వారాలు పడుతుంది. గణిత సూత్రాల సంగతి ఇంకా కష్టం, అవి బొమ్మలుగా ఉంటే మార్చినా సరిగా రావు. నోట్స్ తయారుచేసిన లేటెక్ ఫైల్ (సూత్రాలు అక్షరాల రూపంలోనే ఉండే మూల ఫైల్) ఇవ్వమని ప్రొఫెసర్‌ని నేరుగా అడిగితే ఆ సమస్య చాలావరకు తీరుతుంది. ఇలాంటి మార్పులకి విద్యార్థి డబ్బు కట్టక్కర్లేదు. తెల్లకర్ర, సొంత ల్యాప్‌టాప్, ఇంటి పనుల్లో సాయం లాంటివి మాత్రం మన ఖర్చే.

ఇంకో మాట, కొంచెం గట్టిగా చెప్పాల్సిన మాట. మన దగ్గర చూపు లేని పిల్లలు పరీక్షల్లో స్క్రైబ్‌కి చెప్పి రాయించుకుంటూ పెరుగుతారు. ఇక్కడ ఎం.ఎస్.లో ప్రోగ్రాములు, రిపోర్టులు అన్నీ తానే టైప్ చేయాలి. ఏళ్ల తరబడి చెప్పి రాయించుకున్నవాళ్లకి తెలివి ఎంత ఉన్నా స్పెల్లింగ్ దగ్గరా, వేగం దగ్గరా చెయ్యి ఆగిపోతుంది. ఆగస్టు దాకా రోజూ గంట చొప్పున కీబోర్డు తడుముకోకుండా టైప్ చేయడం సాధన చేయించండి. స్క్రీన్ రీడర్‌కి ఎన్‌వీడీఏ చాలు. అది ఉచితం. ఆస్ట్రేలియాకి చెందిన మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టగా జేమ్స్ టే జతకలిశాడు, ఇద్దరికీ చూపు లేదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేని వాళ్ల కోసం తామే రాసుకున్నారు. అందులో డాక్యుమెంట్ ఫార్మాటింగ్ సెట్టింగుల్లో లైన్ ఇండెంటేషన్‌ని, అంటే లైను మొదట్లో వదిలే ఖాళీని, మాటలతోనో, స్వరాలతోనో చెప్పే ఏర్పాటు ఉంది. పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లు అది ఆన్ చేసుకోకపోతే ఖాళీల తప్పు ఎక్కడుందో వెతకడానికే రోజు గడిచిపోతుంది.

సదుపాయాలు మంజూరయ్యాక ఒక ఉత్తరం ఇస్తారు. అది ప్రతి సెమిస్టర్‌కీ మళ్లీ అడిగి తీసుకోవాలి, ప్రతి ప్రొఫెసర్‌కీ చేరేలా చూసుకోవాలి. వెనకటి తేదీతో వర్తించదు. మొదటి మిడ్‌టర్మ్ ఎలాగోలా రాసేద్దాం, మార్కులు తగ్గితే అప్పుడు చెబుదాం అనుకుంటే ఆ మార్కులు అలాగే ఉండిపోతాయి. ఆరోగ్య కారణాల వల్ల ఎప్పుడైనా కోర్సులు తగ్గించుకోవాల్సి వస్తే ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో డీఎస్‌ఓ (విద్యార్థి వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకోవాలి. డాక్టర్ ఉత్తరం ఉంటే ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల దాకా ఇవ్వగలరు. అనుమతి కన్నా ముందే కోర్సు వదిలేస్తే ఎఫ్-1 (విద్యార్థి వీసా) హోదాకే ముప్పు.

ఇక వీధి. ఇంట్లో అందరూ భయపడేది దీనికే కాబట్టి వివరంగా చెబుతాం. మన దగ్గర బండ్లు ఎడమవైపు నడుస్తాయి, ఇక్కడ కుడివైపు. రోడ్డు దాటడానికి అడుగు వేసేముందు హైదరాబాద్‌లో కుడివైపు చెవి పెడతాం, ఇక్కడ మొదట ఎడమవైపు వినాలి. ఇరవై ఏళ్ల అలవాటు మారడానికి వారాలు పడుతుంది. పైగా చాలాచోట్ల ఎర్ర లైటు ఉన్నా కార్లు ఆగి చూసుకుని కుడివైపు తిరగొచ్చు, అందుకని ఎదురుగా బండ్ల చప్పుడు ఆగిందంటే దారి ఖాళీ అయినట్టు కాదు. కొన్ని పెద్ద కూడళ్లలో స్తంభానికి టిక్కు టిక్కుమనే మీట ఉంటుంది, నొక్కితే దాటే సమయంలో దాని మీది బాణం గుర్తు అదురుతుంది. ఫుట్‌పాత్ అంచున కాలికి తగిలే బొడిపెల పలక ఉంటే రోడ్డు మొదలైందని గుర్తు. మంచు పడితే ఇవన్నీ కప్పుకుపోతాయి, చప్పుళ్లు కూడా మందగిస్తాయి. ఆ రోజుల్లో తోడుతో వెళ్లడం పిరికితనం ఏమీ కాదు.

దారులు నేర్పే శిక్షకులు ఉంటారు. డిసబిలిటీ ఆఫీసులో వాళ్ల గురించి మొదటి మెయిల్‌లోనే అడగాలి. క్లాసులకి రెండు వారాల ముందే వచ్చి ఇల్లు, బస్టాపు, డిపార్ట్‌మెంటు, సరుకుల కొట్టు, ఈ నాలుగు దారులు పగలూ రాత్రీ నడిచి చూసుకుంటే మొదటి నెల తేలికవుతుంది. మడిచే కర్రలు రెండు తెచ్చుకోవాలి, లోపలి ఎలాస్టిక్ తాడు తెగితే కర్ర ముక్కలుగా ఊడిపోతుంది. సన్నటి మొన ఇక్కడి కాంక్రీటు సందుల్లో ఇరుక్కుంటుంది, దొర్లే గుండ్రటి మొనలు నాలుగు అదనంగా పెట్టుకోండి. అమెరికాలో ఉంటున్న చూపులేనివాళ్లకి నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ తెల్లకర్ర ఉచితంగా ఇస్తుంది.

సిటీ బస్సు ఎక్కలేని వాళ్లకి ఇంటి దగ్గరికి వచ్చే వాహనం ఉంటుంది, పారాట్రాన్సిట్ అంటారు. చూపు లేనంత మాత్రాన దానంతటదే రాదు, ఏ దారిలో బస్సు ఎందుకు ఎక్కలేడో దరఖాస్తులో రాయాలి. బస్సు మార్గానికి ముప్పావు మైలు లోపు తిప్పుతారు, ముందురోజు చెప్పాలి, ఛార్జీ మామూలు బస్సుకి రెట్టింపు మించకూడదు. పూర్తి దరఖాస్తు ఇచ్చిన 21 రోజుల్లో తేల్చకపోతే, తేల్చేదాకా అర్హుడిగానే చూడాలి.

డాలరు నోట్లన్నీ ఒకే కొలత. మన నోట్లలా పొడవు చూసి పోల్చుకోలేరు. ఒకటి సాపుగా, ఐదు అడ్డంగా సగానికి, పది నిలువుగా, ఇరవై రెండు విధాలా మడిచి పెట్టుకోవడం చాలామంది చేసే పని. చిల్లర తేలిక. డైమ్ (పది సెంట్లు) అన్నిటికన్నా చిన్నది, అంచున గీతలుంటాయి. పెన్నీ (ఒక సెంటు) అంచు నున్నన. నికెల్ (ఐదు సెంట్లు) నున్నగా, మందంగా ఉంటుంది. క్వార్టర్ (పాతిక సెంట్లు) పెద్దది, గీతలుంటాయి.

విమానం టికెట్ కొన్నప్పుడే చూపు లేని ప్రయాణికుడని రాయించండి, ప్రయాణానికి 48 గంటల ముందు మళ్లీ ఫోన్ చేసి సరిచూసుకోండి. విమానాశ్రయంలో అలవాటుగా చక్రాల కుర్చీ తెచ్చి కూర్చోమంటారు. కాళ్లు బాగున్న మనిషికి అదెందుకు? దారి చూపే మనిషి చాలని మర్యాదగా చెప్పాలి. వాళ్లు మీ తమ్ముడి చెయ్యి పట్టుకుని లాగకూడదు, అతనే వాళ్ల మోచేయి పట్టుకుని అర అడుగు వెనక నడవాలి. కర్రని సీటు దగ్గరే ఉంచుకోవచ్చు.

ఉద్యోగాల వేటకి ఇంకా టైముంది, ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఇంటర్వ్యూలకి ముందు పెట్టే ఆన్‌లైన్ కోడింగ్ పరీక్షలు కొన్ని స్క్రీన్ రీడర్‌తో పనిచేయవు, గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. లింకు రాగానే తెరవకుండా, వేరే పద్ధతిలో పెట్టమని రిక్రూటర్‌కి రాయాలి. పదిహేను మంది, ఆ పైన పనిచేసే సంస్థలన్నిటికీ ఏడీఏ వర్తిస్తుంది. ఆఫర్ ఇవ్వకముందు వైకల్యం గురించి గుచ్చి అడిగే హక్కు వాళ్లకి లేదు.

చివరగా, అతనితో గది పంచుకోబోయే మన తెలుగు పిల్లలకి. తలుపులు పూర్తిగా తెరిచి ఉంచండి, లేదా పూర్తిగా మూయండి. సగం తెరిచిన తలుపు అంచు నేరుగా నుదుటికి తగులుతుంది. వస్తువు జరిపితే చెప్పండి. మైక్రోవేవ్ మీటలు నున్నటి ప్లాస్టిక్ మీద ఉంటాయి, స్టార్ట్, స్టాప్ మీటల మీద, 5 అంకె మీద ఉబ్బెత్తు చుక్కల స్టిక్కర్లు అంటిస్తే సరిపోతుంది. కారం డబ్బాకి ఒక రబ్బరు బ్యాండు, పసుపుకి రెండు, ఉప్పుకి ఏమీ లేకుండా. మీట నొక్కితే పైకీ కిందకీ కదిలే మామూలు రైస్ కుక్కర్ కొనండి, టచ్ తెర ఉన్నది వద్దు. నీళ్లు వేలి కణుపుతో కొలుచుకుంటే అన్నం ఎవరు వండినా ఒకేలా కుదురుతుంది. వంట వంతుల పట్టీ వేసుకునేటప్పుడు అతని పేరు వదిలేయకండి. అంట్లకీ, చెత్త బయట పెట్టడానికీ కూడా అంతే. ఏ రోజు తనదో అతనే చెబుతాడు.