తిండి పంచడం దానం కాదా? మిసిసిపీ పందుల బ్యాంకు లెక్క

"అమెరికాలో ఫానీ లూ హేమర్ నల్లవారి ఓటు కోసం పోరాడారు కదా, మరి పందులు పంచడమేమిటి? అది దానధర్మం కాదా?" అని ఒకరు అడిగారు.

కాదు. మిసిసిపీ రాష్ట్రంలోని పత్తి ప్రాంతం డెల్టాలో కూలి, ఇల్లు, దుకాణంలో అప్పు అన్నీ పత్తి దొరల చేతిలోనే ఉండేవి. 1962లో ఓటరుగా నమోదుకు వెళ్ళినందుకు హేమర్‌ను ఆ రోజే తాను పనిచేసే ప్లాంటేషన్ (దొర పత్తి తోట) నుంచి వెళ్ళగొట్టారు. ఆ చలికాలమే అక్కడి లెఫ్లోర్ కౌంటీ (జిల్లా) అధికారులు 20 వేల మందికి పైగా అందే ఉచిత సరుకులు ఆపేశారు. తర్వాత ఫుడ్ స్టాంపులు (తిండి సరుకులకు ప్రభుత్వ కూపన్లు) వచ్చాయి, కానీ అప్పట్లో వాటిని డబ్బిచ్చి కొనుక్కోవాలి. పత్తి తీసే యంత్రాలొచ్చి కూలి పోయిన ఇంట్లో డబ్బెక్కడిది? ఆకలి చూపించి అణిచే చోట, దొర గడప తొక్కకుండా పొయ్యి వెలిగితేనే మనిషి ధైర్యంగా ఓటుకు వెళ్తాడు.

అందుకే నల్లజాతి మహిళల సంఘం నేషనల్ కౌన్సిల్ ఆఫ్ నీగ్రో విమెన్ సాయంతో, ఇళ్ళకు పందిని అప్పుగా ఇచ్చే పందుల బ్యాంకును హేమర్ పెట్టారు. మన ఊళ్ళలో గింజలు నాగుకు తెచ్చుకుని గింజలే తిరిగి కొలిచినట్టు, ఇక్కడ బాకీ తీర్చేది పందితోనే. ఈనిన పిల్లల్లో కొన్ని బాకీగా బ్యాంకుకు వెళ్తాయి, మిగతావి కుటుంబానివి. బ్యాంకుకు చేరింది ఇంకో ఇంటికి వెళ్తుంది. పంది చూలు కట్టిన 114 రోజులకు ఈనుతుంది. తొలి ఈతలో ఏడెనిమిది పిల్లలు, మరో ఆరేడు నెలలకు మాంసం. అంటే చూలు పంది చేరిన ఏడాదిలోపే ఆ ఇంటికి కూర.

ఇలాంటిది మీరు పెట్టాలనుకుంటే, దెబ్బ తగిలేది మొదటి మూడు రోజుల్లోనే. కొత్త తల్లి పక్కకు ఒరిగి పిల్లల్ని నలిపేస్తుంది. గోడకు జానెడు ఎడంగా, జానెడు ఎత్తులో అడ్డకర్ర కడితే పిల్లలు దాని కిందికి దూరి బతుకుతాయి. మగపందిని ఊళ్ళు మార్చకపోతే తన పిల్లలకే కలిసి ఈతలు బలహీనపడతాయి. కూరగాయల తుక్కుతో మాత్రమే మేపితే ఎదుగుదల నెలలు వెనకబడుతుంది, గింజ తప్పదు. బాకీ పిల్లల్ని పాలు మానగానే తీసుకోవాలి. ఆలస్యమైతే ఆకలిగా ఉన్న ఇల్లు కోసుకు తింటుంది, వాళ్ళను తప్పుపట్టలేం.

హేమర్ 1969లో 40 ఎకరాలతో మొదలుపెట్టిన ఫ్రీడమ్ ఫార్మ్ అనే సహకార వ్యవసాయ క్షేత్రం మాత్రం వందల ఎకరాలకు పెరిగి కూడా 1970ల మధ్యకి నిలవలేదు. సభ్యత్వం నెలకు ఒక డాలరే, అదీ కట్టలేనివాళ్ళే ఎక్కువ. పందుల బాకీ పందులతో తీరుతుంది, భూమి వాయిదాకు నగదే కావాలి. వరదొచ్చినా కరువొచ్చినా ఆ తేదీ ఆగదు. భూమి కొనే ముందే రెండేళ్ళ వాయిదాలు విడిగా దాచిపెట్టండి.