ముందు ఐస్ సంగతి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

ఐస్ మీద స్కేటింగ్ చేస్తూ ఆడే ప్రదర్శనల చరిత్ర గురించి నీ వ్యాసం చదివాను. నార్వే స్కేటర్ సోన్యా హెనీ ఒలింపిక్ స్వర్ణాలతో ఎత్తుకున్నావు: 1928, 1932, 1936. అన్నీ నిజాలే. కానీ ఊరూరా తిరిగే ఆటకి కాళ్ల కింద ఐస్ ఎక్కడిదో చెప్పలేదు. ఈ చరిత్రకి అదే ఆయువుపట్టు.

1915లో జర్మన్ స్కేటర్ షార్లెట్ న్యూయార్క్ హిప్పోడ్రోమ్‌లో ఆడినప్పుడు ఐస్ ఆ ఒక్క రంగస్థలానిదే. జనమే అక్కడికి వెళ్లారు. 1936లో అమెరికాలోని టల్సాలో మొదలైన ‘ఐస్ ఫాలీస్’ ప్రదర్శన ఊళ్లు తిరిగిందంటే, ఐస్ హాకీ హాళ్లలో ఐస్ అప్పటికే ఉండబట్టే. 1940లో ‘ఐస్ కపేడ్స్’ ప్రదర్శన పెట్టింది ఏకంగా ఆ హాళ్లవాళ్లే. మ్యాచ్ లేని రోజు కుర్చీలు ఖాళీగా ఉంటే నష్టం వాళ్లకేగా! అమెరికాలోని టొలీడో ఇంజనీరు ఎమరీ గిల్బర్ట్ విప్పి బిగించుకునే రింక్ (స్కేటింగ్ చేసే ఐస్ నేల) చేశాక, 1943లో ‘హాలిడే ఆన్ ఐస్’ ప్రదర్శన పుట్టింది. 1947 కల్లా మెక్సికో వెళ్లింది.

నీళ్లు పోస్తే గడ్డకట్టిందని ఒక్క ముక్కలో తేల్చకు. కింద గొట్టాల్లో గడ్డకట్టని చల్లటి ద్రవం తిరుగుతుంటే, పైన పలచగా నీళ్లు చల్లుతారు. అది బిగిశాక మళ్లీ చల్లుతారు. ఒకేసారి పోస్తే గాలి బుడగలు చిక్కుకుని ఐస్ పెళుసవుతుంది. మరీ మందమైతే గొట్టాల చలి పైదాకా అందక మెత్తబడుతుంది.

‘పిన్‌వీల్’ని మాత్రం తీరిగ్గా రాయి. చేతులు కలిపిన స్కేటర్ల వరస గడియారం ముల్లులా తిరుగుతుంది. లెక్క వేసి చూడు: మధ్య నుంచి 15 మంది, మనిషికి 2 అడుగులు అనుకుంటే చివరి అమ్మాయి 30 అడుగుల దూరంలో ఉంటుంది. చుట్టు 10 సెకన్లలో పూర్తవ్వాలంటే ఆమె సుమారు 190 అడుగులు దూసుకుపోవాలి. మధ్యలోంచి 2 అడుగుల దూరంలో ఉన్న అమ్మాయికి సుమారు పన్నెండున్నర అడుగులు చాలు. ఆఖరున వచ్చి చేరే అమ్మాయి చాచిన చేతిని, అది ముందుకు పోతుండగానే అందుకోవాలి. ఒక్క అర క్షణం ఆలస్యమైతే వరస వెనకే పరుగు. ఆ ఒక్క చేతిని చూపించు, హాలంతా కనిపిస్తుంది.

అన్ని స్కేట్ బ్లేళ్లు తిరిగాక ఐస్ నిండా గీతలే. గీకి, పొడి ఎత్తి, కడిగి, నీళ్లు పరిచి గడ్డకట్టించడానికి మనుషులకు గంట దాటేది. 1949లో ఫ్రాంక్ జాంబోనీ ఆ పనికి యంత్రం చేశాడు. మరుసటి ఏడే హెనీ తన పర్యటన కోసం ఒకటి కొనుక్కుంది.

నీ హెనీని అక్కడ ప్రవేశపెట్టు. పతకాలు ఆ తర్వాతి పేరాలో చెప్పొచ్చు.