లావణ్యకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి లావణ్యకు, ఆశీస్సులు.

పాడేరు వైపు సబ్‌సెంటర్లో నీకు పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. మనింట్లో ఇంకో నర్సు తయారైందని పొంగిపోయాను. ఆ కొండల్లో ఒక్కదానివే ఉంటావని తెలిశాక టెన్షన్ పట్టుకుంది. గొడుగూ టార్చీ నువ్వే సర్దుకుంటావులే. ఊపిరాడని చంటిబిడ్డను నీ బల్ల మీద పడుకోబెట్టి తల్లి నీ మొహంలోకి చూస్తే ఏం చేస్తావన్నదే నా భయం.

కదలిక లేదు, ఊపిరి లేదంటే 108కి కొట్టి స్పీకర్‌లో పెట్టు. సిగ్నల్ లేదా, బిడ్డతో వచ్చినవాళ్లను పంపు. ఎవరూ లేకపోతే ముందు రెండు నిమిషాలు సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ మధ్యమధ్య ఊపిరివ్వడం, తర్వాతే ఫోన్ సంగతి.

ఇక వేళ్ల సంగతి. ఒంటరిగా ఉంటే బిడ్డ ఛాతీని రెండు వేళ్లతో నొక్కమనే మా ట్యూటర్ సిస్టర్ నేర్పింది, తప్పితే స్కేలుతో ఒక్కటిచ్చేది. ఊపిరివ్వడానికి త్వరగా మారొచ్చని ఆవిడ లెక్క. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కాసేపటికే వేళ్లు లాగేస్తాయి, లోతు తగ్గిపోతుంది, తగ్గిందని మనకే తెలియదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025లో ఆ పద్ధతే తీసేసింది. యూరప్‌వాళ్లు 2021లోనే ఒంటరిగా ఉన్నా బొటనవేళ్లే మేలన్నారు. ఛాతీని రెండు చేతులతో చుట్టి, చనుమొనల గీతకు కాస్త కింద, రొమ్ము ఎముక మీద రెండు బొటనవేళ్లు పెట్టు. ఎముక కొస మీద కాదు. చేతులు చుట్టూ అందకపోతే ఒక్క అరచేతి మడమతో, అంటే మణికట్టు పక్కనుండే గట్టి భాగంతో నొక్కు.

దీనిలో చిక్కొకటుంది. తల పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. అందుకే భుజాల కింద పల్చగా మడిచిన గుడ్డ పెట్టి, తల వెనక్కి వాలకుండా తిన్నగా ఉంచు. ఊపిరివ్వడానికి వాడే మాస్కు, బ్యాగు తల పక్కనే ఉండాలి, అల్మరాలో కాదు!

ఛాతీ మందంలో మూడో వంతు, సుమారు 4 సెంటీమీటర్లు దిగాలి. పసిదని చెయ్యి వెనక్కి లాగావో, నొక్కనట్టే. వేళ్లు తియ్యకుండానే ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వు, చుట్టిన చేతులు బిగించి ఉంచకు. నిమిషానికి 100 నుంచి 120. ముప్ఫై నొక్కి రెండు ఊపిరులు, మధ్యలో పది సెకన్లకు మించి ఆగొద్దు. పైకే లెక్కపెట్టు, సిగ్గేం లేదు. అప్పుడే పుట్టిన బిడ్డకు లెక్క వేరు. ముందు ఊపిరి, నొక్కాల్సి వస్తే మూడుకొకటి.

చిన్నప్పుడు నా స్టెతస్కోపు మెళ్లో వేసుకుని అందరి గుండే వినేదానివి. ఇప్పుడు చదువంతా వచ్చేసిందని బొమ్మ మీద ప్రాక్టీసు ఎగ్గొట్టావో, చూడు. డ్యూటీలో చేరేలోగా ఓ పూట ఇక్కడికి రా. బొమ్మ నేను అడిగి తెచ్చి పెడతాను, లెక్క నేను పెడతాను. కందిపొడి కూడా కొట్టించి ఉంచుతాను.

మీ పెద్దమ్మ