మిల్లు సంగతి తర్వాత, ముందు కాంటా పెట్టు

బిడ్డా,

నిన్ను కొత్త రైతు కంపెనీకి, అంటే రైతులే వాటాదారులుగా పెట్టుకున్న కంపెనీకి, సీఈఓగా పెట్టుకున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. అదే ఊపులో ఇంకో మాట కూడా చెప్పాడు. దాల్ మిల్లుకు కొటేషన్లు తెప్పిస్తున్నావట, 'తాండూరు కందిపప్పు' అని ప్యాకెట్ డిజైన్ కూడా అయిపోయిందట. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. కాగితం మీద ఉంటే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ తీసి చదువుతావు.

నా ఉద్యోగమంతా మార్కెట్ యార్డుల్లోనే గడిచింది. నాకు తెలిసింది కాంటా, తక్‌పట్టీ (సరుకు అమ్మినప్పుడు రైతుకు రాసిచ్చే లెక్క చీటీ), అడ్తి (కమీషన్ మీద నడిచే వ్యాపారం) లెక్కలు. కాబట్టి అక్కడి నుంచే చెప్తాను.

మిల్లు గురించి ఆలోచించే ముందు ఒక పని చెయ్యి. ఎవరో ఒక రైతు ఇంట్లో నుంచి కందుల సంచి బయటికి వచ్చినప్పుడు, అది మిల్లు గేటు దాటేదాకా దాని వెంటే నడువు. ఊళ్లోకి కొనడానికి వచ్చినవాడు ముందు సంచి బరువని కిలో తీసేస్తాడు. యాభై కిలోల కొత్త గోనె సంచి 600 గ్రాములు కూడా తూగదు, కావాలంటే నువ్వే కాంటా మీద పెట్టి చూడు. తర్వాత గుప్పెడు గింజలు తీసి అరచేతిలో ఆడించి, "ఇంకా పచ్చి ఉందే" అంటాడు. దానికి ఇంకో కిలో, రెండు కిలోలు. మట్టి, పుల్లలు ఉన్నాయని మరో కిలో. యార్డుకు తెచ్చినా కథ పూర్తిగా మారదు, అక్కడ తరుగు ఉంటుంది, హమాలీ ఉంటుంది, అడ్తి కమీషన్ పేరు మార్చుకొని ఎక్కడో ఒకచోట చేరుతుంది. క్వింటాకు నాలుగు కిలోలు మాటల్లోనే పోయాయనుకో, క్వింటా 7,500 ఉన్నప్పుడు అది 300 రూపాయలు. ఎవరూ దొంగతనం అనరు, "అది మామూలే" అంటారు.

ఈ 300 ఆపడానికి మిల్లు అక్కర్లేదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ కాంటా ఒకటి, తేమ చూసే మిషన్ ఒకటి, రెండు సైజుల జల్లెడలు, కొన్ని టార్పాలిన్లు, మూడు కాపీల రసీదు పుస్తకం కావాలి. కాంటా అంకె రైతు వైపు తిప్పి పెట్టు. తేమ ఎంత వచ్చిందో అతనికి చూపించి, రసీదు మీద రాసి ఇవ్వు. మొదటి సీజన్లో మీ కంపెనీ చేయాల్సిన పెద్ద పని ఇదే అని నా అభిప్రాయం. చూడ్డానికి చిన్నగా ఉంటుంది, ఫొటోకు కూడా పనికిరాదు, కానీ ఊరు నమ్మేది దీన్నే.

తేమ దగ్గర ఇంకో మెలిక ఉంది. సర్కారు కొనుగోలు కేంద్రంలో కందులకు తేమ 12 శాతం దాటకూడదు. 15 శాతం తేమతో ఉన్న 100 కిలోలను ఎండబెట్టి 12కు తెస్తే 96 కిలోల 600 గ్రాములు మిగులుతాయి. అంటే మంచిగా ఎండబెట్టిన రైతు మూడు కిలోల పైచిలుకు తనంతట తానే పోగొట్టుకున్నట్టు. ఎండినవాటికీ పచ్చివాటికీ ఒకే ధర కట్టావంటే వచ్చే వారం ఊరంతా పచ్చివే తెస్తుంది. వాళ్ల తప్పేమీ ఉండదు. ఎండు సరుకుకు ఎంత ఎక్కువ ఇస్తావో ముందే బోర్డు మీద రాసి పెట్టు. మిషన్ లేనప్పుడు మన ఆడవాళ్లు పంటి కింద పెట్టి చూసేవాళ్లు, టక్కున విరిగితే ఎండినట్టు, సాగితే ఇంకో రెండెండలు కావాలి. ఇప్పటికీ కళ్లం దగ్గర ఆ పరీక్ష చాలు. మిషన్ మాత్రం లెక్క కోసం, తగవు రాకుండా ఉండడం కోసం.

ఇక అడ్తిదారు సంగతి. మీ సమావేశాల్లో "దళారులను తరిమేస్తాం" అని మాట్లాడుతున్నారని విన్నాను. ఆ మాట మానెయ్. రైతుకు అడ్తిదారు అంటే పంట కొనేవాడు మాత్రమే కాదు. జూన్‌లో విత్తనానికి, ఆగస్టులో మందులకు, పెళ్లికి, ఆస్పత్రికి రాత్రికి రాత్రి పైసలు ఇచ్చేది అతనే. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే జూన్ నుంచి జనవరి చివరిదాకా నూటికి 16 అవుతుంది. అది రైతుకు తెలియదనుకోకు, బాగా తెలుసు. బ్యాంకులో పని కాదని కూడా తెలుసు. పంట చేతికొచ్చాక మాట ప్రకారం అతని దగ్గరికే తీసుకెళ్తాడు. అక్కడ ధర పది రూపాయలు తక్కువైనా నోరెత్తడు. నువ్వు క్వింటాకు వంద ఎక్కువ ఇస్తానన్నా రాడు, ఎందుకంటే వచ్చే జూన్‌లో నువ్వు ఉంటావో లేదో అతనికి తెలియదు.

కాబట్టి అతను చేసే పనుల్లో ఒకటైనా మీరు చేయాలి. అప్పు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. విత్తనంతో మొదలుపెట్టు. ఎండు తెగులు తట్టుకునే మారుతి, ఆశ లాంటి రకాలు ఇక్రిశాట్ నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మనకు తాండూరులోనే పరిశోధన కేంద్రం ఉంది, ఏ నేలకు ఏ రకమో వెళ్లి అడుగు. ఊరంతా ఒకే రకం, ఒకే సైజు గింజ పండిస్తే మిల్లులో నూక తగ్గుతుంది, ఆ మాట మీదే మిల్లువాడితో బేరం ఆడొచ్చు. నాలుగు రకాలు కలిసిన సరుకు ఎంత పోగేసినా అది కలగూర గంపే.

ఇదంతా ఒక్క సంఘంతో అయ్యే పనేనా అంటావేమో, ముల్కనూరు వెళ్లి చూసిరా. 1956లో పెట్టిన సహకార సంఘం అది, భీమదేవరపల్లి మండలంలో. అప్పు, ఎరువు, విత్తనం, పంట కొనుగోలు, అన్నీ ఒకే గొడుగు కింద నడుస్తాయి. అక్కడి ఆఫీసు భవనం, మిల్లులు చూసి రావద్దు. రైతు అప్పు ఖాతా, అతను అమ్మిన పంట లెక్క ఎలా ఒకదానికొకటి కలుపుతారో ఒక పూట కూర్చొని అడుగు.

ఇప్పుడు పైసల లెక్క. 300 మంది సభ్యులు తలా 1,000 కట్టారనుకో, 3 లక్షలు. 2020లో మొదలైన కేంద్రం పథకం కింద అంతే మొత్తం ఈక్విటీ గ్రాంటుగా, అంటే వాటా ధనానికి తోడుగా సర్కారు ఇచ్చే సొమ్ముగా వస్తే 6 లక్షలు. అదే 300 మంది తలా 5 క్వింటాళ్లు తెస్తే 1,500 క్వింటాళ్లు. 7,500 చొప్పున కోటీ 12 లక్షల 50 వేలు కావాలి. మీ చేతిలో ఉన్న 6 లక్షలకు వచ్చేది 80 క్వింటాళ్లు. తెలిసిందా? నేను మిల్లు వద్దనేది ఇందుకే. ఉన్న పైసలు ఇనుములో పోస్తే కందులు కొనడానికి ఏమీ మిగలదు. రైతుకు "పది రోజుల్లో ఇస్తాం" అని చెప్పాల్సి వస్తుంది. ఆ పది రోజులు ముప్పై అవుతాయి. అడ్తిదారు మాత్రం సాయంత్రానికి చేతిలో పెడతాడు. ఆ ఒక్క సీజన్‌తో కంపెనీ పేరు పోతుంది.

అందుకని మొదటి ఏడాది 80 క్వింటాళ్లతోనే ఆడు. శుభ్రం చేసి, గ్రేడు చేసి, లారీకి సరిపోగానే మిల్లుకు అమ్మి, వచ్చిన పైసలతో మళ్లీ 80 కొను. డిసెంబర్ చివరి నుంచి మార్చి దాకా ఆ 6 లక్షలు ఎన్నిసార్లు తిరిగితే అంత వ్యాపారం. కొన్న రోజే చెల్లించు. కొనలేనప్పుడు కొనలేమని మొహం మీదే చెప్పు, ఉద్దెర మాత్రం పెట్టకు.

మిల్లు గురించి కూడా ఒక లెక్క వేసి చూడు. గంటకు 5 క్వింటాళ్లు ఆడే మిల్లు పెట్టావనుకో, సభ్యుల 1,500 క్వింటాళ్లూ రోజుకు 8 గంటల చొప్పున 38 రోజుల్లో అయిపోతాయి. మిగతా ఏడాదంతా కరెంటు మినిమం బిల్లు, ఆపరేటర్ జీతం, బ్యాంకు కిస్తీ. సబ్సిడీ 35 శాతం వస్తుందంటున్నారు, సరే, మిగిలిన 65 శాతం ఎవరు కడతారు? ఏడాది పొడుగునా ఆడాలంటే బయటి సరుకు కొనాలి, అప్పుడు నువ్వు రైతు కంపెనీ నడుపుతున్నట్టు కాదు, మిల్లు ఓనర్‌వి అయినట్టు. దానికి మనకంటే ఆరితేరినవాళ్లు తాండూరులో చాలామంది ఉన్నారు. వాళ్ల దగ్గరే కూలికి పప్పు పట్టించు. కొద్దిగా పట్టించు, అమ్ముకో, నేర్చుకో.

పట్టించినప్పుడు పక్కన నిలబడి తూకం చూసుకో. 100 కిలోల కందులకు 70 నుంచి 75 కిలోల పప్పు రావాలి. తక్కువొస్తే ఎందుకో అడుగు. నూక, పొట్టు, చున్నీ (పప్పు పట్టేటప్పుడు రాలే పొడి) నీవే, వాటిని మిల్లులో వదిలేసి రాకు. పశువుల దాణాకు మంచి ధర పలుకుతాయి, పాడి ఉన్న సభ్యులకే అమ్మొచ్చు. ఇంకోటి, కిరాణా కొట్లో పప్పు ధర చూసి మధ్యలో తేడా అంతా లాభమే అనుకునేవాళ్లు మీ బోర్డులో ఉంటారు. వాళ్లకు ఇది చూపించు: 7,500 పెట్టి కొన్న క్వింటాకు 72 కిలోల పప్పు వస్తే, కిలో పప్పులో కందుల ఖర్చే 104 రూపాయలు. మీద మిల్లు కూలి, సంచులు, రవాణా, మిత్తి, షాపువాడి వాటా. ప్యాకెట్ చేసి లేబుల్ వేస్తే 5 శాతం జీఎస్టీ, 2022 జూలై నుంచి ఉంది. అన్నీ పోను మిగిలేది ఉంటుంది, కానీ అనుకున్నంత ఉండదు.

తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, అంటే ఆ ప్రాంతంలో పండినదానికే ఆ పేరు చెల్లుతుంది. దానికి దరఖాస్తు పెట్టింది కూడా రైతుల కంపెనీయే, యాలాల వాళ్లు. నాపరాయి పుట్టే ఆ సున్నపు నేలలో పండిన పప్పు త్వరగా ఉడుకుతుంది, రుచి వేరు. నిజమే. అయితే ప్యాకెట్ మీద ఆ గుర్తు వాడాలంటే అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి. చేయించుకున్నాక బయటి కందులు ఒక్క సంచి కలిపినా పరువు పోయేది మీ ఒక్కరిదే కాదు, ఆ చుట్టుపక్కల మండలాలన్నిటిదీ. ప్యాకెట్ డిజైన్ అప్పటిదాకా పెట్టెలో ఉండనీ.

ధర పెరుగుతుందని సరుకు దాచమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. 2015లో పప్పు కిలో 200 తాకింది గుర్తుందిగా. మరుసటి ఏడాది దేశమంతా కంది వేసింది. కేంద్రం మొజాంబిక్‌తో దిగుమతికి ఒప్పందం చేసుకుంది, బర్మా నుంచి ఎలాగూ వస్తూనే ఉంటాయి. 2017 మొదట్లో బోనస్‌తో కలిపి మద్దతు ధర 5,050 ఉంటే యార్డుల్లో అంతకంటే చాలా తక్కువకు అమ్ముకున్నారు. 2023 జూన్‌లో కంది నిల్వలపై పరిమితి కూడా పెట్టారు. మన పొలం ధర మన చేతిలో లేనప్పుడు సంఘం పైసలతో సట్టా ఆడకూడదు. దాచుకోవాలనుకునే రైతు తన సరుకు తను దాచుకుంటాడు, గోదాము రసీదు మీద అప్పు ఎలా దొరుకుతుందో అతనికి చెప్పు చాలు. మద్దతు ధరకు కొనే కేంద్రం నడపమని మీకిస్తే తీసుకోండి, 2025-26కు క్వింటాకు 8,000 ప్రకటించారు. అది నడిపినందుకు వచ్చే కమీషన్‌ను మాత్రం కంపెనీకి వెన్నెముక అనుకోవద్దు, కేంద్రం తెరిచే ఏడాది ఉంటుంది, తెరవని ఏడాది ఉంటుంది.

ఇప్పుడు తిండి విషయం. ఇది అసలు మొదటే రాయాల్సింది. కందులు పండించిన ఇంట్లోనే జూలై వచ్చేసరికి పావుకిలో పప్పు ప్యాకెట్లు కొనడం నువ్వూ చూసే ఉంటావు. జనవరిలో కిలో 75కు అమ్మిన గింజనే అంతకు రెట్టింపు పెట్టి పప్పుగా వెనక్కి తెచ్చుకోవడం. రేషన్‌లో బియ్యం వస్తాయి, పప్పు కొనుక్కోవాల్సిందే, కొనలేనప్పుడు నీళ్ల చారే. అందుకని కాంటా దగ్గర ప్రతి రైతునూ "ఇంటికి ఎంత ఆపుకున్నావు?" అని అడిగించు. క్వింటా కందులంటే 70 కిలోల పప్పు, ఐదుగురున్న ఇంటికి ఏడాది గడుస్తుంది. ఆ క్వింటా పప్పు పట్టించే కూలి సభ్యులకు కంపెనీయే పెట్టుకున్నా తప్పులేదు. పప్పు చేసిపెట్టుకుంటే పుచ్చు కూడా తక్కువ, పురుగు మొత్తం గింజనే పడుతుంది.

సరుకు ఎక్కువ కావాలని అందరినీ చేనంతా కంది మీదికే తోయకు. సాళ్ల మధ్య జొన్న, పెసర ఉండనీ. జహీరాబాద్ వైపు డీడీఎస్ (దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) మహిళా సంఘాలు 1990ల్లో బీళ్లు సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్లో కొంత ఊళ్లోనే నిల్వ పెట్టి, గింజలు లేని ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చాయి. ఎవరికి ఎంత ఇవ్వాలో ఊరి ఆడవాళ్లే తేల్చారు. మీ గోదాములో ఒక మూల అలాంటి నిల్వకు ఇవ్వగలరేమో బోర్డులో అడుగు. వెంటనే ఒప్పుకోరు, తెలుసు.

సభ్యత్వం విషయంలో పట్టా పాసుపుస్తకం అడగకండి. చట్టం ప్రకారం పంట పండించేవాళ్లయితే చాలు. కౌలు రైతులు, భర్త పేరు మీద భూమి ఉన్న ఆడవాళ్లు ఇక్కడే బయట పడిపోతారు. కలుపు తీసేది, ఎండబెట్టేది, చెరిగేది వాళ్లే, గింజ సంగతి వాళ్లకే ఎక్కువ తెలుసు.

కంపెనీల చట్టం కింద రిటర్నులు టైముకు వెయ్యి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు పడుతుంది, చూస్తుండగానే సభ్యుల వాటా ధనం అందులోకే పోతుంది. సీఏకు ముందే ఫీజు మాట్లాడుకో. నిర్వహణ ఖర్చులకు పథకం ఇచ్చే డబ్బు మూడేళ్లే. నాలుగో ఏడాది నీ జీతం ఎక్కడి నుంచి రావాలో ఇప్పుడే కాగితం మీద రాసి బోర్డుకు చూపించు, టెన్షన్ పడాల్సింది వాళ్లూ నువ్వూ కలిసి.

నా దగ్గర కొన్ని పాత తక్‌పట్టీల కాపీలు ఉన్నాయి, పేర్లు కొట్టేసి పంపుతున్నాను. ఏ కోత ఏ పేరుతో రాశారో పక్కన పెన్సిల్‌తో గుర్తుపెట్టాను. మీ రసీదు పుస్తకం అచ్చుకు ఇచ్చే ముందు వాటితో పోల్చి చూసుకో, బరువు, సంచి, తేమ, ధర, చెల్లించిన తేదీ, ఈ ఐదు గళ్లు తప్ప ఇంకో కోత గడి ఉండకూడదు. ప్రూఫ్ నాకు వాట్సాప్‌లో పెట్టు.

మీ పెదనాన్న