సీటీ స్కాన్ రేడియేషన్‌కి పేగు మూలకణాలు ఏమవుతాయి?

"శ్రీకాకుళంలో మా అమ్మకి పొట్ట సీటీ తీశారు. పేగు లోపలి కణాలు దెబ్బతింటాయా?" అని అడిగారు. మీ టెన్షన్ అర్థమైంది.

పొట్ట సీటీలో తగిలే రేడియేషన్ మోతాదు సుమారు 10 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్‌ని కొలిచే యూనిట్). చిన్నపేగు లోపలి పొర 3 నుంచి 5 రోజులకోసారి కొత్తదవుతుంది. ఆ పని చేసే మూలకణాలు (స్టెమ్ సెల్స్) క్రిప్ట్‌లనే చిన్న గుంటల అడుగున ఉంటాయి.

అసలు విశేషం ఇక్కడే ఉంది. ఎలుకల్లో చూస్తే, క్రిప్ట్ అడుగున కొన్ని కణాలు చాలా తక్కువ రేడియేషన్‌కే చనిపోతాయి. అది బలహీనత కాదు, రక్షణ అని నా అభిప్రాయం. డీఎన్‌ఏ దెబ్బతిన్నట్టు పీ53 అనే ప్రోటీన్ పసిగట్టి, ఆ కణం తనంతట తానే చనిపోయేలా చేస్తుంది. పాడైన డీఎన్‌ఏ తర్వాతి కణాలకు చేరదు. పక్కనున్న కణాలు విభజన చెంది ఖాళీని నింపేస్తాయి. అవసరమైతే మూలకణాల నుంచి పుట్టి కొంత ముదిరిన పిల్లకణాలు కూడా మళ్లీ మూలకణాలుగా మారగలవు. పెద్దపేగులో ఇలా చనిపోయేవి తక్కువ. బీసీఎల్2 అనే ప్రోటీన్ ఆ చావుని ఆపుతుంది.

క్రిప్ట్‌లు మొత్తంగా నశించాలంటే ఒక్కసారే 10 గ్రే (ఇదీ రేడియేషన్ యూనిటే; ఎక్స్‌రేలకు 10 గ్రే అంటే 10,000 మిల్లీసీవర్ట్‌లు) దరిదాపుల్లో తగలాలి. అది సీటీకి దాదాపు వెయ్యి రెట్లు. క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరగొచ్చు గానీ, డాక్టరు అవసరమన్న స్కాన్ మానొద్దు. పాత ఫిల్ములు మాత్రం దాచండి. అదే స్కాన్ మళ్లీ తీయించే పని తప్పుతుంది.