ఎండీ జీతం కోట్లలో, నాన్నకు పడక పుండు: కేసు దేని మీద?

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వస్తే ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో 19 రోజులు ఉంచాం. బిల్లు నేనే కట్టాను, 8 లక్షలు దాటింది. రాత్రిళ్లు వార్డు మొత్తానికి ఇద్దరే నర్సులు. బెల్ కొడితే అరగంటకు గానీ వచ్చేవారు కాదు. డిశ్చార్జి నాటికి నడుము కింద ఎముక కనిపించేంత పుండు పడింది. ఏడు నెలలైనా మానలేదు. మొన్న మా బావగారు ఆ కంపెనీ వార్షిక నివేదిక తీసి చూపించారు. ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్) జీతం కోట్లలో ఉంది. నర్సులను పెట్టడానికి లేని డబ్బు ఆయనకు ఇవ్వడానికి ఎక్కడిది? ఈ జీతం మీద కేసు వేయవచ్చా?

జవాబు: జీతం మీద వేయలేరు. పుండు మీద వేయవచ్చు, వేయాలి కూడా.

ముందు జీతం సంగతి. 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ కంపెనీలో డైరెక్టర్లు, మేనేజర్ అందరికీ కలిపి ఇచ్చేది నికర లాభంలో 11 శాతం మించకూడదు. ఒక్క ఎండీయే ఉంటే ఆయనకు 5 శాతం. అంతకు మించాలంటే వాటాదారులు ప్రత్యేక తీర్మానం చేయాలి. స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ అయితే, ఒక్కో డైరెక్టర్ జీతం ఉద్యోగుల మీడియన్ జీతానికి (జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేదానికి) ఎన్ని రెట్లో కూడా బయటపెట్టాలి. మీ బావగారికి ఆ అంకెలు దొరికింది అందుకే. కానీ వీటిపై నిలదీసే హక్కు వాటాదారుడిది, రోగిది కాదు. (ఒక్క షేరు కొన్నా ఏజీఎంలో, అంటే వాటాదారుల వార్షిక సమావేశంలో, లేచి అడగవచ్చు. మీ కోపం చల్లారుతుందేమో గానీ నాన్నగారికి ఒరిగేదేమీ లేదు.)

అందుకే ఫిర్యాదు మొదటి పేజీలో ఎండీ జీతం రాయవద్దంటాను. రాశారా, అవతలి లాయరు 'వీళ్ల బాధ వైద్యం గురించి కాదు, మా యాజమాన్యం మీద అక్కసు' అంటూ వాదన మొదలెడతాడు. ఆ అవకాశం మీరే చేతికి అందించినట్టవుతుంది.

మీ కేసుకు బలం నర్సింగ్ లోపంలో ఉంది. కదలలేని రోగిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, చర్మం చూడాలి, చూసింది రాయాలి. ఇద్దరు నర్సులతో రాత్రంతా ఆ పని జరిగిందా? తిప్పిన ప్రతిసారీ చార్టులో వేళ, సంతకం ఉండాలి. ఇలాంటి చార్టుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఒకే చేతిరాత, ఒకే పెన్ను కనిపించడం నేను చూశాను. ఒక్కసారి కూర్చుని నింపేసినట్టు అనుమానం రావడానికి అది చాలు.

కాబట్టి కేస్ షీట్, నర్సింగ్ నోట్స్, ఆ చార్టు కాపీల కోసం ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. రసీదు తీసుకోండి. 2002 నాటి వైద్యుల నైతిక నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో మెడికల్ రికార్డులు ఇవ్వాలి. డ్యూటీ రోస్టర్ మాత్రం ఇవ్వరు. అది మెడికల్ రికార్డు కాదంటారు, ఆ మాటలో నిజం లేకపోలేదు. దాన్ని కేసు వేశాక కమిషన్ చేత తెప్పించాలి. పత్రాలు హాజరుపరచమని ఆదేశించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది. ప్రైవేటు ఆసుపత్రికి నేరుగా ఆర్టీఐ వర్తించదు గానీ, రిజిస్ట్రేషన్ కోసం సిబ్బంది వివరాలేమైనా ఇచ్చి ఉంటే వాటిని డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసు నుంచి ఆర్టీఐలో అడగవచ్చు. కాగితం మీద చూపిన నర్సులెందరో, రాత్రి వార్డులో ఉన్నదెందరో అక్కడ తేలుతుంది.

'ఏ నర్సుది తప్పో చెప్పండి' అని అడిగితే టెన్షన్ పడకండి. 2004లో సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు, చికిత్స చేసిన డాక్టరును పార్టీగా చేర్చలేదన్న కారణంతో కేసు కొట్టేయకూడదంది. ఆసుపత్రిలో నిర్లక్ష్యం జరిగిందని రోగి తరఫువారు ప్రాథమికంగా చూపితే, జరగలేదని నిరూపించుకోవలసింది ఆసుపత్రేనని చెప్పింది. నిపుణుడి సాక్ష్యం ప్రతి కేసులో తప్పనిసరి కాదని 2010లో హైదరాబాద్ నుంచే వెళ్లిన కిషన్‌రావు కేసులో తేల్చింది. మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేసిన కేసు అది. అయినా మీరు ఒక ప్లాస్టిక్ సర్జన్ అభిప్రాయం తీసుకుంటేనే మంచిది. 'పక్షవాతం వచ్చినవారికి, షుగర్ ఉన్నవారికి ఎంత జాగ్రత్తగా చూసినా పుండ్లు పడతాయి' అన్నది వాళ్ల మొదటి వాదన అవుతుంది. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. చేరిన రోజు చర్మం బాగానే ఉందని అడ్మిషన్ నోట్స్‌లో ఉంటే మీకు సగం బలం వచ్చినట్టే.

మరి ఎండీ జీతం ఎందుకూ పనికిరాదా? ఒక్క చోట వస్తుంది. 'నర్సులు దొరకలేదు, ఖర్చు భరించలేకపోయాం' అని ఆసుపత్రి అఫిడవిట్లో రాస్తే, ఆ వార్షిక నివేదిక అప్పుడు తీయండి. లాభం ఎంత, పైవాళ్లకు ఇచ్చింది ఎంత, ఉద్యోగుల జీతాలకు పెట్టింది ఎంత అన్నది వాళ్లు అచ్చువేసిన పేజీలోనే ఉంటుంది. ఎండీ బోనస్ బెడ్లు నిండటానికో, లాభానికో ముడిపెట్టినట్టు అందులో ఉంటే దాన్నీ గుర్తుపెట్టుకోండి. వాళ్లు ఆ మాట ఎత్తకపోతే మీరూ ఎత్తకండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో కమిషన్ స్థాయి తేలేది మీరు కట్టిన మొత్తాన్ని బట్టి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్. ఫీజు 200 రూపాయలు. ఆసుపత్రి ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలో వేయవచ్చు. నాన్నగారిని మొదటి ఫిర్యాదుదారుగా, బిల్లు కట్టిన మిమ్మల్ని రెండో ఫిర్యాదుదారుగా పెట్టండి. గడువు రెండేళ్లు. ఏడు నెలలే గడిచాయి కాబట్టి హడావిడి లేదు. కానీ పుండు ఫొటోలు తేదీతో సహా వారానికొకటి తీసి ఉంచండి, డ్రెస్సింగ్‌కు వచ్చే నర్సు రసీదులు పారేయకండి. పరిహారం లెక్క కట్టేది వాటి మీదే.